గుడి నీళ్ళలో పడిన రాత్రి

జపాన్ పాత సినిమాలు ఎక్కడెక్కడ తీశారో గుర్తుపెడుతూ నేనొక మ్యాప్ చేస్తున్నా, మొన్నామధ్య ఒక రాత్రి ఆ మ్యాప్‌లో ఓ గుడి నీళ్ళలో పడిపోయింది.

ఒనోమిచి అని హిరోషిమా ప్రిఫెక్చర్‌లో సముద్రాన్ని ఆనుకుని ఒక చిన్న ఊరు. వెనక కొండ, ముందు సన్నటి సముద్రపు పాయ, ఆ రెండిటి మధ్యా ఇరుక్కున్నట్టు ఇళ్ళు, ఇళ్ళ మధ్యలోంచి రైలు పట్టాలు. అక్కడ జోదోజీ అని పాత బౌద్ధ గుడి ఉంది. ఓజు తీసిన టోక్యో స్టోరీలో (1953) భార్య పోయిన తెల్లారి పెద్దాయన ఇంట్లోంచి బయటికొచ్చి ఒక్కడే నిలబడేది ఆ గుడి ఆవరణలోనే. కోడలు వెతుక్కుంటూ వస్తుంది, ఆయనేమో తెల్లవారడం ఎంత బాగుందో అంటాడు, ఇవాళ కూడా ఎండ గట్టిగానే కాసేలా ఉంది అంటాడు, అంతే, ఇంకేం లేదు. ఆ సీన్ ఎన్నిసార్లు చూశానో లెక్కే లేదు. అలాంటి గుడికి ముచ్చటపడి పిన్ను పెట్టి, జూమ్ చేసి చూస్తే ఏముంది, గుడి వెళ్ళి పాయ మధ్యలో తేలుతోంది.

ముందు నా తప్పే అనుకున్నా, అక్షాంశం రేఖాంశం అటూ ఇటూ చేశానేమోనని చూశా, కాదు, అలా చేస్తే అసలు పిన్నే పడదు. తర్వాత చూస్తే, నేను అంకెలు ఏరుకున్న పాత జపనీస్ వెబ్ పేజీలోంచి తీసుకున్న మిగతా చుక్కలు కూడా అన్నీ ఒకే వైపుకి, ఒకే దూరం జరిగి ఉన్నాయి. ఒక్కటి జరిగితే పొరపాటు, అన్నీ కలిసికట్టుగా జరిగితే దాని వెనక ఏదో ఉన్నట్టే కదా. ఉంది. జపాన్ వాళ్ళు 2002 ఏప్రిల్ దాకా భూమి కొలతలకి వాడిన లెక్క వేరు, దాన్ని టోక్యో డేటమ్ అంటారు, 1841లో బెస్సెల్ అనే జర్మన్ శాస్త్రవేత్త భూమి ఆకారానికి వేసిన లెక్క మీద కట్టుకున్నది. ఇప్పుడు మన ఫోన్లలో జీపీఎస్ వాడేది ఇంకో లెక్క. టోక్యో దగ్గర ఈ రెండిటికీ తేడా సుమారు 450 మీటర్లు. పాత అంకెలు తీసుకెళ్ళి కొత్త మ్యాప్ మీద వేస్తే ప్రతి చుక్కా ఆగ్నేయం వైపు జారిపోతుంది, ఒనోమిచిలో ఆ గుడికి ఆగ్నేయం అంటే నీళ్ళే మరి.

క్యూజీఐఎస్ అని మ్యాపులు చేసుకునే సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో ఆ లేయర్‌కి ఈపీఎస్‌జీ 4301 అని, అంటే టోక్యో డేటమ్ నంబరు చెప్పి, జీపీఎస్ లెక్క నంబరు 4326లోకి మార్చి ఎక్స్‌పోర్ట్ కొడితే గుడి బుద్ధిగా వెళ్ళి తన కొండ ఎక్కి కూర్చుంది. పని రెండు నిమిషాలు, తెలుసుకోడానికి పట్టింది మూడు రాత్రులు. మీరెవరైనా పాత జపనీస్ పేజీల్లోంచి అంకెలు ఏరుకుంటుంటే ముందు ఆ పేజీ ఏ ఏడాదిదో చూడండి బాబూ.

అసలీ పిచ్చి ఎలా మొదలైందంటే, ఒక స్ప్రెడ్‌షీట్‌తో. సినిమా పేరు, ఏడాది, ఊరు, మూడే కాలమ్స్. జపాన్ పాత సినిమాలు చూస్తూ చూస్తూ, ఇది ఎక్కడ తీశారబ్బా అనిపించినప్పుడల్లా ఒక వరస రాసుకునేవాడిని, ఓ రెండు వారాంతాలు కూర్చుంటే మ్యాప్ అయిపోతుందిలే అనుకున్నా. అక్కడ ఇదేం కొత్త పిచ్చి కాదు, సినిమా తీసిన చోటుని రోకెచి అంటారు, అనిమే, అంటే వాళ్ళ కార్టూన్ సినిమాలు చూసి ఆ చోట్లకి వెళ్ళడాన్ని సెయిచి జున్‌రే అంటారు, అంటే అచ్చంగా తీర్థయాత్రే. షికోకు ద్వీపంలో 88 గుళ్ళ యాత్ర ఉంది కదా, దాన్ని చూసి అనిమే చోట్లకి కూడా 88 లిస్టు పెట్టుకున్న సంఘం ఒకటుంది. నేను మాత్రం అనిమే జోలికి పెద్దగా పోలేదు, ఎందుకంటే అది తేలిక. యువర్ నేమ్ (2016) లాంటివాటిలో ఫొటోలు దగ్గర పెట్టుకుని బ్యాక్‌గ్రౌండ్స్ గీస్తారు, రంగులు కూడా అవే, యోత్సుయాలో సుగా గుడి మెట్ల ఎర్ర రెయిలింగ్‌తో సహా దొరికేస్తుంది. కొత్త సినిమాలదీ అదే కథ, 2000లో ఒసాకాలో మొదలై ఇవాళ ఊరూరా సినిమావాళ్ళకి షూటింగ్ చోట్లు చూసిపెట్టే ఫిల్మ్ కమిషన్లు ఉన్నాయి, ఎండ్ టైటిల్స్ ఆపి చదువుకుంటే సగం పని అయిపోతుంది. కష్టమంతా 1950ల నలుపు తెలుపు సినిమాలతోనే, నాకు కావలసినవీ అవే.

మొదట బద్ధకించి వికీడేటా మీద, అంటే వికీపీడియా వాళ్ళ డేటా పట్టిక మీద పడ్డా. అందులో ప్రతి సినిమాకీ రెండు వేరే వేరే గదులు ఉంటాయి, కథ ఎక్కడ జరిగింది అన్నదానికి పీ840, కెమెరా ఎక్కడ పెట్టారు అన్నదానికి పీ915. ఈ తేడా పెట్టిన మహానుభావుడెవరో గానీ దండం పెట్టాలి. కానీ నింపేవాళ్ళు నింపాలిగా, చాలా సినిమాలకి షూటింగ్ చోటు దగ్గర ఉత్త జపాన్ అని, లేదా టోక్యో అని ఉంటుంది. క్వెరీ రాసి మ్యాప్ మీద పరిస్తే అవన్నీ దేశం నడుమ ఒకే చుక్క మీద కుప్పగా పడ్డాయి, అక్కడేదో పెద్ద స్టూడియో ఉన్నట్టు! సరే అని అవి తీసిపారేసి, సినిమాలు ఒక్కొక్కటీ నేనే చూడడం మొదలుపెట్టా. అప్పుడర్థమైంది, ఊరు పేరు తెలిసినంత మాత్రాన పిన్ను పెట్టలేం అని.

రషోమోన్ (1950) తీసుకోండి. కథ క్యోటోలో. ఆ పెద్ద విరిగిపోయిన గేటు క్యోటోలో దాయెయి స్టూడియోలో వేసిన సెట్. అడవి మాత్రం నారాలో కొంత, క్యోటో బయట కోమ్యోజీ గుడి చుట్టూ ఉన్న చెట్లలో కొంత. నారా అడవిలో చెట్ల మీంచి జలగలు రాలిపడేవని, ఉప్పు రాసుకుని తిరిగేవాళ్ళమని ఆ సినిమా తీసిన కురొసావానే తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ దాయెయి స్టూడియో ఇప్పుడు లేదు, దాని పేరు మీద దాయెయి దోరి అని ఒక షాపుల వీధి మిగిలింది. ఇప్పుడు ఒకడు కొమ్మల కింద నడుచుకుంటూ గేటు దగ్గరికి వస్తే నేను పిన్ను ఎక్కడ పెట్టాలి? ఒకే మనిషి, ఒకే నడక, కానీ మొదటి అడుగు నారాలో రెండోది క్యోటోలో.

సెవెన్ సమురాయ్ (1954) ఇంకా ఘోరం. బందిపోట్ల నుంచి ఏడుగురు యోధులు కాపాడే ఊరి మ్యాప్ సినిమాలోనే ఉంటుంది కదా, సమురాయ్‌లు కాగితం మీద గీసుకుని చూసుకుంటారు, అటు కొండ, ఇటు పొలం, ఇక్కడ వంతెన అని, మనకి కూడా నోటికొచ్చేస్తుంది. తీరా చూస్తే అలాంటి ఊరు ఒక్కచోట లేదు, ఇజు ద్వీపకల్పంలో తగతా వైపు సెట్ వేశారు, ఇంకొన్ని ముక్కలు వేరే చోట్ల తీశారు, ఎడిటింగ్ టేబుల్ మీద కలిపి ఒక ఊరు చేశారు. మూడు గంటలు దాటిన సినిమాలో ఒక్క క్షణం కూడా మనకి దారి తప్పినట్టు ఉండదు, అదీ పనితనం అంటే. నా మ్యాప్‌కి మాత్రం అదే శాపం.

ట్వెంటీ ఫోర్ ఐస్ (1954) దగ్గర ఇంకో రకం దెబ్బ తిన్నా. షోదోషిమా ద్వీపం మీద తీశారు, అక్కడ సినిమా ఊరు అని చక్కగా చూసే చోటు ఉంది, బడి, సముద్రం వైపు కిటికీలు, అన్నీ ఉన్నాయి, ఫొటోలు కూడా కుప్పలు. పిన్ను పెట్టేశా, పక్కన ఖాయం అని కూడా రాసేశా. ఆ తర్వాతెప్పుడో తెలిసింది అది 1987లో మళ్ళీ తీసిన సినిమాకి వేసిన సెట్ అని. దానికి కొంచెం దూరంలో, 1902లో కట్టిన అసలు బడి ఇంకా ఉంది, పాత సినిమాకి సంబంధం దానితో. చూడ్డానికి రెండూ అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. అప్పటి నుంచి ఖాయం అనే మాట రాయాలంటే చెయ్యి వణుకుతోంది.

ఇక అసలు సంగతికి వస్తా, చిమ్నీలు. ఇది చెప్పడానికే ఈ పోస్టు మొదలుపెట్టా.

టోక్యో ఉత్తరాన సెంజు అనే చోట సుమిదా నది ఒడ్డున ఒక థర్మల్ పవర్ స్టేషన్ ఉండేది, 1926లో వచ్చింది. దానికి నాలుగు చిమ్నీలు, ఒక్కోటీ 83.5 మీటర్లు. చుట్టుపక్కల అన్నీ చిన్న చిన్న చెక్క ఇళ్ళు కాబట్టి ఎంత దూరం నుంచైనా కనబడేవి. వాటిని జనం దెయ్యం చిమ్నీలు అనేవాళ్ళు, ఎందుకంటే ఒక వీధిలోంచి చూస్తే నాలుగు కనబడతాయి, కొంచెం ముందుకెళితే మూడు, ఇంకోచోట రెండు, ఇంకోచోట ఒక్కటే. గోషో హేయినోసుకే 1953లో తీసిన వేర్ చిమ్నీస్ ఆర్ సీన్ అనే సినిమా మొత్తం ఈ ముక్క మీదే నడుస్తుంది, నువ్వు ఎక్కడ నిలబడ్డావన్నదాన్ని బట్టి నీకు ఎన్ని కనబడతాయో ఉంటుంది అని. 1964లో వాటిని పడగొట్టేశారు.

సినిమా చూస్తూ నేను పాజ్ కొట్టి, కుర్చీలోంచి లేచి, రెండు చుట్లు తిరిగి మళ్ళీ కూర్చున్నా. ఎందుకంటే దీన్ని తిరగేస్తే? ఎక్కడ నిలబడితే ఎన్ని కనబడతాయో ఆ సినిమా చెప్తోంది, మరి ఎన్ని కనబడుతున్నాయో నాకు తెలుసు కాబట్టి కెమెరా ఎక్కడ నిలబడిందో నేను చెప్పలేనా?

ఆ నాలుగూ చతురస్రంలో లేవు, బాగా నొక్కేసిన డైమండ్ ఆకారంలో ఉన్నాయి, పేకముక్క మీద డైమండ్‌ని రెండు పక్కల నుంచీ వేళ్ళతో నొక్కితే ఎలా సన్నగా సాగుతుందో అలా. పొడుగు వైపు నుంచి తిన్నగా చూస్తే నాలుగూ ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఒకటే లావుపాటి చిమ్నీ అవుతుంది. అడ్డంగా చూస్తే మధ్యలో రెండూ కలిసిపోయి మూడు. డైమండ్ అంచుకి సమాంతరంగా చూస్తే రెండేసి రెండేసి జతలై రెండు. మిగతా ఎక్కడి నుంచి చూసినా నాలుగు. జపాన్ ప్రభుత్వ సర్వే వాళ్ళ సైట్ ఒకటుంది, చిరియిన్ చిజు అంటారు, అందులో 1945 నుంచి 50 మధ్య అమెరికా మిలిటరీ వాళ్ళు విమానంలోంచి తీసిన ఫొటోలు లేయర్‌గా పెట్టారు, ఉచితం. ఆ ఫొటో తెరిచి సెంజు దగ్గర జూమ్ చేస్తే పవర్ స్టేషన్, దాని పక్కన నాలుగు చుక్కలు, ఆ చుక్కల నుంచి నాలుగు సన్నటి నీడలు. నిజం చెప్తున్నా, ఆ నీడలు చూడగానే ఒళ్ళు ఝల్లుమంది.

నాలుగు చుక్కలు క్యూజీఐఎస్‌లో గుర్తుపెట్టుకున్నా, జతలు జతలుగా కలుపుతూ గీతలు గీసి రెండు వైపులా నాలుగైదు కిలోమీటర్లు సాగదీశా. ఫ్రేమ్‌లో రెండే కనబడితే కెమెరా ఆ అంచు గీతల దారిలో ఎక్కడో ఉండాలి. అంచులు రెండు దిక్కుల్లో ఉంటాయి, ఒక్కో గీతకీ ముందూ వెనకా కలిపి మొత్తం నాలుగు దారులు. అందులో రెండు నీడ దిక్కు చూసి కొట్టేశా, మూడోది నదికి అవతల పడుతోంది, ఫ్రేమ్‌లోనేమో నది లేదు, అదీ పోయింది. నాలుగో దారి మిగిలింది. ఇక దూరం ఎంతో తేల్చాలి, దానికి స్క్రీన్ మీద చిమ్నీ ఎత్తుని, దాని ముందున్న కరెంటు స్తంభాన్ని పిక్సెళ్ళలో కొలిచి కుస్తీ పట్టా గానీ, ఏ లెన్స్ వాడారో తెలియకుండా ఆ లెక్క తేలదు. చివరికి ఒక అర కిలోమీటరు పొడుగు గీత దగ్గర ఆగిపోయా. చుక్క కాదు, గీత. మ్యాప్‌లో కూడా గీతగానే పెట్టేశా.

అక్కడే నా మ్యాప్ మొత్తం తిరగబడింది. అప్పటిదాకా నేను సినిమాలో కనబడిన వస్తువుకి పిన్ను పెడుతున్నా, గుడి కనబడితే గుడికి, చిమ్నీ కనబడితే చిమ్నీకి. కానీ షూటింగ్ జరిగిన చోటు అంటే కెమెరా కాళ్ళు ఆనిన చోటు కదా! చిమ్నీ దగ్గర ఎవడూ షూటింగ్ చెయ్యలేదు, అక్కడికి రెండు కిలోమీటర్ల దూరంలో ఎవరి గుమ్మం ముందో చేశారు. ఫుజి కొండ కనబడిన ప్రతి సినిమానీ ఫుజి కొండ మీద తీసినట్టు పిన్ను పెట్టుకుంటూ పోతే ఇక మ్యాప్ ఎందుకు, ఒక కొండ బొమ్మ గోడకి తగిలించుకుంటే సరిపోద్ది. అందుకని షీట్ మొత్తం మళ్ళీ కట్టా, కెమెరా ఎక్కడ, ఎటు చూస్తోంది, ఏ ఏడాది, నాకెంత నమ్మకం. పిన్నుల బదులు బాణాలు వచ్చాయి. ఇంతకుముందు పెట్టిన పిన్నుల్లో సగానికి పైగా కదిలాయి.

ఫుజి అన్నాను కదా, దాని మీద ఒక చిట్కా చెప్తా, ఇది మీకు బొమ్మలు చూసేటప్పుడు కూడా పనికొస్తుంది. 1707లో ఆ కొండ ఆగ్నేయం పక్క పగిలింది, అక్కడో పెద్ద గొయ్యి, దాని పక్కన ఒక బుడిపె, హోయెయి అంటారు. కమాకురా వైపు నుంచి, అంటే తూర్పు పక్క నుంచి చూస్తే ఆ బుడిపె వాలు మీద ఎడమ వైపు వస్తుంది, ఫుజినొమియా వైపు నుంచి చూస్తే కుడి వైపు, ఉత్తరాన యమనాషి నుంచైతే బుడిపె కనబడదు. ఒక్క బుడిపె చూసి కెమెరా కొండకి ఏ పక్క ఉందో చెప్పేయొచ్చు. ఇంకా లోతుగా కావాలంటే కాశ్మీర్ త్రీడీ అని జపాన్‌లో కొండలెక్కేవాళ్ళు వాడే సాఫ్ట్‌వేర్ ఉంది, ఫలానా చోట నిలబడితే కొండల అంచు ఎలా కనబడుతుందో గీసి చూపిస్తుంది, దాన్ని ఫ్రేమ్ మీద పెట్టి సరిపోల్చుకోడమే. ఫొటో వేసి వెతికే టూల్స్ కూడా ప్రయత్నించా, రంగుల సినిమాలకి పర్లేదు గానీ నలుపు తెలుపు ఫ్రేమ్ వేస్తే ప్రతి రాతి మెట్ల దారీ క్యోటోలో ఏదో గుడే అంటోంది. ఏఐ చాట్‌ని అడిగితే అది ఇంకా గొప్పది, లేని వంతెన పేరు చెప్పి దాని చరిత్ర కూడా చెప్పింది.

సరదా ఏంటంటే, నేను ఇప్పుడు చేస్తున్న ఈ పనంతా 1963లోనే ఒక సినిమాలో పోలీసులు చేసేశారు. కురొసావా హై అండ్ లో. పిల్లాణ్ణి ఎత్తుకెళ్ళిపోతారు, డబ్బు కొదామా అనే ఎక్స్‌ప్రెస్ రైల్లో తెమ్మంటారు, బాత్రూమ్ కిటికీ 7 సెంటీమీటర్లే తెరుచుకుంటుంది కాబట్టి బ్యాగు అంతకన్నా మందం ఉండకూడదంటారు, సకావా నది వంతెన దగ్గర కిటికీలోంచి విసిరేయమంటారు. ఇంకా షింకాన్‌సెన్, అంటే బుల్లెట్ రైలు రాలేదు అప్పటికి, అది 1964 అక్టోబర్లో వచ్చింది, కొదామా అనే పేరు తర్వాత దానికి పోయింది. పిల్లాడు తిరిగొచ్చాక అసలు వేట మొదలవుతుంది, వాణ్ణి ఎక్కడ దాచారు? వాడికి తెలిసిందల్లా ఒక బొమ్మ, సముద్రం, ఫుజి కొండ, సూర్యుడు. పోలీసుల దగ్గర ఫోన్ టేపు ఉంది, అందులో వెనకాల ఏదో రైలు శబ్దం. రైల్వే ఆయనకి వినిపిస్తే ఇది ఎనోడెన్ అంటాడు. అంతే, ఒక బొమ్మ, ఒక చప్పుడు. కొండ దిక్కు, లైను పేరు, రెండూ కలిస్తే చోటు. క్యూజీఐఎస్ లేదు, శాటిలైట్ లేదు, చెమటలు కారుతూ కొండ దారులు ఎక్కి దిగడం తప్ప. ఆ భాగం నేను వీఎల్‌సీలో ఒక్కో ఫ్రేమ్ జరుపుకుంటూ చూశా. చూస్తున్నంతసేపూ వీళ్ళకి నా స్ప్రెడ్‌షీట్ ఇస్తే బాగుండు అనిపించింది, వాళ్ళు నాకన్నా పదిరెట్లు నీట్‌గా చేస్తున్నారు అని కూడా అనిపించింది.

ఎనోడెన్ అంటే పది కిలోమీటర్ల బుల్లి లైను, ఫుజిసావా నుంచి కమాకురా దాకా, 15 స్టేషన్లు. నా మ్యాప్‌లో బాణాలు బాగా గుచ్చుకున్న చోట్లలో అదొకటి. ఆ లైను మీదే గొకురాకుజీ స్టేషన్, కొరెయెడా తీసిన అవర్ లిటిల్ సిస్టర్‌లో (2015) వచ్చేది. ఆ లైను మీదే కమాకురా కోకో మాయె స్టేషన్, దాని పక్కన రైల్వే గేటు, అనిమే పుణ్యమా అని ఇప్పుడు అక్కడ జనం జాతరలా నిలబడి రోడ్డు మధ్యలో ఫొటోలు తీసుకుంటున్నారు, చుట్టుపక్కల ఉండేవాళ్ళు తలలు పట్టుకుంటున్నారు. అది చదివాక నేనొక నియమం పెట్టుకున్నా, ఎవరైనా నివసించే ఇల్లు అని అనుమానం వస్తే బాణం పెట్టను, దగ్గర్లో ఉన్న స్టేషన్‌కి జరిపి పెడతా. ఖచ్చితంగా తెలిసినా సరే. తెలిసి కూడా మ్యాప్‌లో తప్పు రాయడం మొదట్లో ఒళ్ళు గగుర్పొడిచేలా ఉండేది, ఇప్పుడు అలవాటైంది.

పాత అడ్రసుల గొడవ క్లుప్తంగా. జపాన్‌లో చాలా వీధులకి పేర్లుండవు, పేట, అందులో బ్లాకు, అందులో ఇంటి నంబరు, అంతే. 1962లో చట్టం తెచ్చి ఆ లెక్కంతా మార్చేశారు, పాత పేటల పేర్లు ఎన్నో పోయాయి. కాబట్టి 1955 సినిమాలో షాపు బోర్డు మీద అడ్రసు కనబడిందని సంబరపడి గూగుల్ మ్యాప్స్‌లో కొడితే ఇంకెక్కడికో తీసుకెళ్తుంది. దీనికి మందు కోంజాకు మ్యాప్, సైతామా యూనివర్సిటీలో తాని కెంజి అనే ప్రొఫెసర్ చేసిన సైట్, ఎడమ పక్క పాత మ్యాప్, కుడి పక్క ఇప్పటిది, మౌస్ ఒకదానిలో కదిపితే రెండోదానిలోనూ కదులుతుంది. ఆయన 2022లో పోయారు. నేను వారానికి రెండుసార్లయినా ఆ సైట్ తెరుస్తా, తెరిచినప్పుడల్లా ఆయన్ని తలుచుకుంటా.

తోరా సాన్ సినిమాల గురించి కూడా చెప్పకపోతే పాపం. యమదా యోజి 1969లో మొదలుపెట్టిన వరస, 2019 దాకా మొత్తం 50 సినిమాలు, హీరో ఊరూరా తిరిగి అమ్ముకునే మనిషి, ప్రతి సినిమాలో ఏదో కొత్త ఊరు వెళ్తాడు, ప్రేమలో పడతాడు, బెడిసికొడుతుంది, మధ్యమధ్యలో టోక్యో చివర షిబామతాలో ఉన్న ఇంటికి వస్తాడు. ఒకప్పుడు ఏడాదికి రెండు వచ్చేవి, కొత్త సంవత్సరానికి ఒకటి, ఎండాకాలం ఓబోన్ పండక్కి ఒకటి. మ్యాప్ చేసేవాడికి ఇంతకన్నా పండగ ఏముంది, కొన్ని దశాబ్దాల జపాన్ పల్లెలు, రేవులు, రైల్వే స్టేషన్లు అన్నీ తేదీలతో సహా దొరికినట్టే. 29వ దానిలో క్యోటో ఉత్తరాన ఇనె అనే ఊళ్ళో, కింద పడవ పైన మనుషులు ఉండే ఇళ్ళు వస్తాయి, ఆ నీళ్ళ ఒడ్డు చూస్తూ పని మర్చిపోయా. తంటా అల్లా షిబామతాతోనే. ఆ వీధి, ఆ గుడి, ప్రతి సినిమాలోనూ ఉంటాయి, దాంతో బాణాలు ఒకదాని మీద ఒకటి గుట్టపడి ముళ్ళపందిలా తయారైంది. దగ్గర దగ్గర బాణాల్ని ఒకటిగా కలిపే క్లస్టర్ పెడితే ఒక గుండ్రం లోపల ఉత్త అంకె వస్తోంది, ముళ్ళపందే నయమనిపించి అలాగే ఉంచేశా.

అసలే గొడవా లేని సినిమా ఒకటి దొరికింది, షిందో కనెతో ద నేకెడ్ ఐలాండ్ (1960). మిహరా దగ్గర సుకునె అని చిన్న ద్వీపం, అక్కడ మంచినీళ్ళు లేవు, మొగుడూ పెళ్ళాం పడవలో వెళ్ళి బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి కొండ మీద పైరుకి పోస్తారు, దాదాపు మాటల్లేవు. మ్యాప్‌లో గోరంత ఆకుపచ్చ చుక్క. సినిమాలో ఎక్కువ భాగం అందులోనే. ఆ రోజు పదకొండింటికే పడుకున్నా.

ఇక ఆఖరుది. కొరెయెడా మొదటి కథాచిత్రం మబొరొసి (1995), నోతో ద్వీపకల్పంలో వజిమా వైపు తీశారు. గాలి, సముద్రం, గట్టు వెంట నడిచే మనుషులు, అన్నీ దూరం నుంచి. దానికి నేను చాలా ముందే బాణాలు పెట్టా, తీరం గీత మీద జాగ్రత్తగా. 2024 జనవరి 1న అక్కడ 7.6 తీవ్రతతో భూకంపం వచ్చింది, వజిమాలో పొద్దుటి సంత జరిగే వీధి కాలిపోయింది, ద్వీపకల్పం ఉత్తర తీరం కొన్ని చోట్ల 4 మీటర్ల దాకా పైకి లేచింది, చేపల రేవుల్లో నీళ్ళు పోయి అడుగు బయటపడింది. సర్వే వాళ్ళు కొత్త విమాన ఫొటోలు చిరియిన్ చిజులో పెట్టారు. చాలా రోజులు తెరవలేదు. తెరిచాక పాత లేయర్, కొత్త లేయర్ ఒకదాని మీద ఒకటి వేసి చూశా. తీరం వెంట తెల్లగా కొత్త నేల, నిన్నటిదాకా సముద్రం అడుగున ఉన్న రాళ్ళు.

నీళ్ళ అంచున పెట్టిన బాణాల్లో ఒకటి ఇప్పుడు పొడి నేల మీద ఉంది. ఈసారి డేటమ్ తేడా కాదు, రెండుసార్లు చూశా. పక్కన ఏడాది కాలమ్‌లో 1995 అని ఉంది. దాన్ని జరపలేదు.